పదిహేనేళ్లు నిండిన కారు

పోయిన నెల మెదక్ రోడ్డులోని షెడ్డుకు మా కారును చూడడానికి వెళ్లేసరికి దాని బానెట్ లేపి ఉంది, ముందు చక్రాలు రెండూ విప్పి గోడకు ఆనించి ఉన్నాయి. కొన్నప్పటినుంచీ దాన్ని బాగుచేస్తున్న మెకానిక్, నాకంటే నాలుగైదేళ్లు చిన్నవాడు, గడ్డమంతా నెరిసిన మనిషి, చేతులు పాత గుడ్డతో తుడుచుకుంటూ వచ్చి, నాకు స్టూలు వేసి, చాయ్ తెప్పించి, నేను సగం తాగేదాకా ఆగాడు. చాయ్ తెప్పించాడంటేనే కబురు మంచిది కాదని నాకు తెలిసిపోయింది. ముప్పై ఏళ్లకు పైగా ఊళ్లలో నర్సుగా తిరిగినదాన్ని. చెడ్డ మాట చెప్పవలసి వచ్చినప్పుడు నేనూ మనుషులను ముందు కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఆ తర్వాతే నోరు తెరిచేదాన్ని.

"అమ్మా, గాడీకి ఉమర్ అయిపోయింది," అన్నాడాయన. "నేను చెయ్యనంటలేను. ఇంజన్ దింపాలె, కింద తుప్పు వట్టిన రేకంత కోసి కొత్తది వెయ్యాలె. గదంత చేసినంక కాగితాలు మల్ల కొత్తగ చేయించాలె. ఆరు నెలలకు ఇంకోటి వోతది. నిన్ను గట్ల తిప్పుడు నాకు మంచిగనిపిస్తలేదు."

కారుకు పదిహేనేళ్లు నిండాయి. రిజిస్ట్రేషన్ గడువు తీరింది, మళ్లీ తనిఖీ చేయించి పొడిగించుకోవాలి, ఆ తనిఖీలో నెగ్గాలంటే ముందు ఇవన్నీ బాగుచేయించాలి. అందులో పెట్టే డబ్బుకు మరికొంత కలిపితే వాడిన కారు ఒకటి రాదా అని మా అమ్మాయి, అప్పు తీసుకుని కొత్తదే కొందాం, నెలనెలా కిస్తీ నేను కడతానని మా అబ్బాయి, ఇద్దరూ ఆ వారమంతా ఫోన్లలో వాదించుకున్నారు. అమ్మాయి ఈ ఊళ్లోనే మూడు వీధుల అవతల ఉంటుంది, బడిలో టీచరు. అబ్బాయి హైదరాబాదులో ప్రైవేటు ఉద్యోగం చేస్తూ, ఫ్లాటు అప్పు, ఇద్దరు పిల్లల ఫీజులు మోస్తూ, ఆదివారాలు వచ్చిపోతుంటాడు. వాడు కిస్తీ కడతానన్నప్పుడు వాడి గొంతులో ఉన్న అలసట నాకు వినబడింది. మాకున్నవి రెండు పింఛన్లు, అందులో సగం మందులకే పోతుంది. మా ఇంట్లో మా ఆయనకు కారు లేకుండా గడవదన్నది మాత్రం ఎవరూ వాదించని సంగతి. నేను చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, ఆ విప్పిన కారువైపు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. నా వయసువాళ్లకు చెప్పనక్కరలేదు, ఇలా ఊరికే కూర్చుంటే మనసు వెనక్కి నడవడం మొదలుపెడుతుంది.

ఆ కారు కొన్నది మా ఆయన. కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేరి, వానల్లో స్తంభాలెక్కి దిగి, యాభై మూడేళ్ల వయసులో మొదటిసారి తనకోసం అంటూ ఒక వస్తువు కొనుక్కున్నాడు. తెల్లరంగు, చిన్న బండి. ఆయన దాన్ని నడిపే తీరు చూస్తే కల్లుకుండ పట్టుకుపోతున్నట్టుండేది, అంత నెమ్మది. ఎవరి పెళ్లికి పోయినా అందరికంటే ఆఖరున చేరేవాళ్లం. ఆదివారం పొద్దున్నే పాత బనియన్ తడిపి కారు తుడిచేవాడు, మా మామ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని కొడుకును చూస్తూ నవ్వుకునేవాడు. మా మామది నంగునూరు దగ్గరి పల్లె, గీత వృత్తి. మా అత్త పోయాక ఊళ్లో ఒక్కడే ఉండలేక మా దగ్గరికి వచ్చాడు. వయసులో ఉన్నప్పుడు తాటిచెట్టు మీదినుంచి పడి తుంటి ఎముక విరగడంతో ఆయన నడక ఒకపక్కకు ఒరిగి ఉండేది, చేతికర్ర లేకుండా పది అడుగులు వేయలేకపోయేవాడు.

మా ఆయన ఆ కారును పదకొండు నెలలు నడిపాడు. ఒక పొద్దున డ్యూటీకి పోతూ అరుగు మీద కూర్చుని బూట్లు వేసుకుంటున్నవాడు, రెండో బూటు కాలికి ఎక్కడం లేదన్నట్టు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. ఏమైందని నేను దగ్గరికి వెళ్లేసరికి మూతి ఒకపక్కకు లాగేసింది. నర్సును కాబట్టి అదేమిటో నాకు ఆ క్షణమే తెలిసింది. హైదరాబాదు దవాఖానలో పదహారు రోజులున్నాం. ఇంటికి తెచ్చేటప్పటికి కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి, మాట పూర్తిగా పోయింది. కసరత్తు రోజూ చేయించాలి, మొదటి ఆరు నెలలే ముఖ్యం, ఆ తర్వాత ఎంత చేయించినా అంతంతమాత్రమే అని డాక్టరు మరీమరీ చెప్పి పంపాడు. కసరత్తు చేయించే దవాఖాన పాత బస్టాండు దగ్గర, మా ఇల్లు ఊరి ఈ చివర.

అబ్బాయి అప్పుడు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, హాస్టల్లో ఉండేవాడు. అమ్మాయి మొదటి కాన్పుకు వచ్చి ఉంది. జీతం మాట్లాడుకుని ఒక డ్రైవర్‌ను పెట్టుకున్నాం గాని, పది రోజులు వచ్చి, పెళ్లిళ్ల కిరాయిలు మొదలవగానే అతను కనబడడం మానేశాడు. ఇక ఆటో. ఆటో మెట్టు ఎంత ఎత్తుంటుందో అంతకుముందు నేనెప్పుడూ గమనించలేదు. నేనొకవైపు, ఆటో అతనొకవైపు పట్టుకుని ఎక్కించేవాళ్లం. ఒకరోజు దవాఖాన ముందు దించుతుంటే ఆయన కాలు మడతపడి, మా ఇద్దరి చేతుల్లోంచి జారి రోడ్డు మీద పడిపోయాడు. ఆ నాలుగు రోడ్ల దగ్గర ఆయన ఎక్కని స్తంభం లేదు, ఆయనను ఎరగని దుకాణంవాడు లేడు. పదిమంది పరుగెత్తుకొచ్చి లేపారు. దెబ్బ పెద్దగా తగలలేదు. కాని మర్నాడు ఆటో వచ్చి వాకిట్లో ఆగితే ఆయన మంచం పట్టెను ఎడమచేత్తో పట్టుకుని వదలలేదు. ఆ మర్నాడూ అంతే. వారం గడిచింది. ఆరు నెలల్లో రెండున్నర అప్పటికే అయిపోయాయి, కారు వాకిట్లో దుమ్ము పట్టి ఉంది.

ఆ వారం చివర మా మామ నన్ను పిలిచి, "కారు నువ్వే నేర్చుకో బిడ్డా," అన్నాడు. నేను నవ్వాననుకుంటాను. నాకప్పుడు యాభై దాటాయి, సైకిలు కూడా తొక్కడం రాదు, నా డ్యూటీ ఉండే సబ్ సెంటర్‌కు బస్సులో పోయి బస్సులో వచ్చేదాన్ని. కాని వేరే దారేదీ కనబడక డ్రైవింగు స్కూల్లో చేరాను. సెలవు పెట్టి ఇరవై రోజులు నేర్చుకున్నాను, లైసెన్సూ చేతికొచ్చింది. స్కూలు కారులో పక్కన కూర్చున్న మాస్టారు కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది, అది ఉందన్న ధైర్యంతో నడిపాను. మా కారులో ఆ రెండో బ్రేకు లేదు. తాళంచెవి పెట్టి తిప్పి, ఇంజన్ మోగగానే ఆపేసి దిగిపోయేదాన్ని. నాలుగు రోజులు ఇదే వరస. ఐదోరోజు మామ వాకిట్లోకి కర్ర పొడుచుకుంటూ వచ్చి, కారు అవతలివైపు తలుపు తీసుకుని, నా పక్క సీట్లో కూర్చున్నాడు. తెల్లధోవతి, తలకు రుమాలు, పెళ్లికి పోతున్నట్టు తయారై వచ్చాడు.

"నీకు ఎరుకనా బిడ్డా, చెట్టు మీదికెల్లి పడ్డ నాలుగు నెలలకు మల్ల ఎక్కిన," అన్నాడు. "కాలు వణికింది, చెయ్యి వణికింది. భయం వోయినంక ఎక్కుదమని ఆగితే ఇయ్యాల్టి దనుక కిందనే ఉందును. ఇంట్ల నలుగురు పిల్లలు ఆకలికి ఉండిరి. గంతే, ఎక్కిన."

"నాకు రాకపోతే ఎట్ల మామా, ఎవలికన్న తాకిస్తే?"

"నేనున్న గద పక్కకు," అన్నాడు, బండి సంగతి ఒక్క ముక్క తెలియని మనిషి.

అప్పటినుంచి రోజూ పొద్దున ఆరింటికి మార్కెట్ యార్డు దాకా పోయి వచ్చేవాళ్లం. ఈనాటి పిల్లలకు ఇందులో ఏముందో అర్థం కాదు. నడివయసు ఆడమనిషి, పెద్ద బొట్టు, నేతచీర, స్టీరింగు పట్టుకుని పోతుంటే చాయ్ హోటల్ ముందు కూర్చున్నవాళ్లు గ్లాసులు చేతిలో పట్టుకుని లేచి నిలబడేవాళ్లు. మొగుడు మంచాన పడితే ఈమెకు కారు షోకు వచ్చిందని అన్నవాళ్లూ ఉన్నారు, ఆ మాట మా దగ్గరి చుట్టాల నోటినుంచే వచ్చింది. మామ చెవిలో పడిందో లేదో నాకు తెలియదు గాని, ఆ తర్వాతినుంచి ఆయన తనవైపు అద్దం పూర్తిగా కిందికి దించి, మోచెయ్యి బయట పెట్టి, చాయ్ హోటల్ ముందు పోతున్నప్పుడల్లా తనే ముందుగా వాళ్లను పలకరించేవాడు. కోడలు నడుపుతుంటే మామ పక్కన కూర్చున్నాడు, ఇక ఎవరేమంటారు. ఎడమవైపు ఎవరొస్తున్నారో చెప్పేవాడు, గేదె వస్తే గేదె అని, మనిషి వస్తే ఆ మనిషి ఫలానావాళ్ల కొడుకని. గేరు పడక గరగరమంటే తన తుంటే నొచ్చినట్టు మొహం పెట్టేవాడు గాని ఒక్క మాట అనేవాడు కాదు.

మా ఆయనను మొదటిసారి ఎక్కించుకున్న రోజు ఇప్పటికీ నా కాళ్లలో ఉంది. కారు సీటు కిందికి ఉండడంతో ఆయనను వెనక్కి తిప్పి కూర్చోబెట్టి కాళ్లు లోపలికి పెడితే సరిపోయింది, ఎవరూ ఎత్తవలసిన పని లేకపోయింది. కూర్చున్నాడు గాని నావైపు చూడలేదు, మొహం కిటికీవైపు తిప్పేశాడు. వెనక మామ కూర్చున్నాడు. పాత బస్టాండు చౌరస్తాలో సరిగ్గా నడిమధ్య బండి ఆగిపోయింది. తాళం తిప్పితే దుమికి మళ్లీ ఆగింది, మళ్లీ తిప్పితే మళ్లీ ఆగింది. వెనక బస్సు, పక్కన ఆటోలు, అన్నీ ఒక్కసారి హారన్లు కొడుతుంటే నాకు ఏ కాలు దేనిమీద ఉందో కూడా తెలియకుండా పోయింది. అప్పుడు వెనక తలుపు తెరుచుకున్న చప్పుడైంది. మామ దిగి, ఒరిగిన నడకతో కారు ముందుకు వచ్చి, చేతికర్ర రెండు చేతులతో అడ్డంగా పైకెత్తి పట్టుకుని చౌరస్తాలో నిలబడ్డాడు.

"కొత్తగ నేర్సుకుంటుంది. జర ఆగున్రి," అన్నాడు బస్సు డ్రైవర్‌తో, అరవకుండా, మామూలుగా మాట్లాడినట్టే.

ఆగారు. నేను ఊపిరి పీల్చుకుని, కాళ్లు చూసుకుని, బండి కదిలించాను. మామ దారి పక్కకు జరిగి, నేను దవాఖాన ముందు ఆపేదాకా అలాగే చూస్తూ ఉండి, ఆ తర్వాత నడుచుకుంటూ వచ్చాడు.

అలా రోజూ తీసుకుపోవడం మొదలైంది. నెల రోజులు మా ఆయన నావైపు తిరిగి చూడలేదు. ఆయన బాధ నాకు తెలుసు. ఎన్నో ఏళ్లు స్తంభాలెక్కి కొనుక్కున్న బండి, ఇంకా కొత్త వాసన పోలేదు, దానిలో తను పక్కసీట్లో సామానులా కూర్చోవాలి. నాకూ కోపం వచ్చేది, దాచడమెందుకు. పొద్దున కసరత్తుకు తీసుకుపోయి తెచ్చి, వండి, ఆయనకు స్నానం చేయించి, మామకు అన్నం పెట్టి, బస్సెక్కి సబ్ సెంటర్‌కు పోయి, సాయంత్రం వచ్చి మళ్లీ వంట చేసే మనిషికి ఒక్క చూపు కూడా దక్కకపోతే ఎలా ఉంటుంది. అయినా ఆ వయసులో కోపానికి కూడా టైము ఉండేది కాదు.

ఒకరోజు దవాఖాననుంచి తిరిగి వస్తుంటే ముందు బండ్లు ఆగాయి, నేనూ ఆపబోయాను, ఇంజన్ వణకడం మొదలుపెట్టింది. మా ఆయన ఎడమచేత్తో ముందున్న డ్యాష్‌బోర్డును గట్టిగా కొట్టి, "క్లచ్," అన్నాడు. ఐదు నెలల తర్వాత ఆయన నోటినుంచి స్పష్టంగా వచ్చిన మొదటి మాట అది. నా పేరు కాదు, కొడుకు పేరు కాదు, క్లచ్. నేను కాలు తొక్కాను. బండి ఆగిపోలేదు. వెనక కూర్చున్న మామ కొద్దిసేపటికి రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. నేను ఏడవలేదు, ఏడిస్తే దారి కనబడదని భయం. ఇంటికి వచ్చి కారు ఆపి, తాళంచెవి తీసుకుని, వంటింట్లోకి పోయి పొయ్యి ముందు కూర్చుని ఏడ్చాను.

ఆ తర్వాత ఆయన కర్ర సాయంతో ఇంట్లో నాలుగు అడుగులు వేయగలిగాడు, చిన్నచిన్న మాటలు వచ్చాయి, అంతకుమించి రాలేదు. నేను మాత్రం మంచి డ్రైవర్‌నయ్యాను. సబ్ సెంటర్‌కు కారులోనే పోయేదాన్ని. అమ్మాయిని రెండో కాన్పుకు దవాఖానకు తీసుకుపోయింది నేనే, అబ్బాయి పెళ్లికి పెళ్లికొడుకును మండపానికి చేర్చింది నేనే. చావులు, పదకొండో రోజులు, కంటి ఆపరేషన్లు, పిల్లల పరీక్షలు, దేనికైనా చుట్టాలకు ముందు నేనే గుర్తొచ్చేదాన్ని. ఒకప్పుడు షోకన్నవాళ్లే ముందు సీటులో కూర్చునేవాళ్లు. గర్వంగానే ఉండేది, అబద్ధమెందుకు చెప్పాలి. ఎక్కినవాళ్లంతా దిగిపోయాక, ఇంటిముందు బండి ఆపి, స్టీరింగు మీద తల పెట్టి ఒక నిమిషం అలాగే ఉండిపోయే అలవాటు ఎప్పుడు మొదలైందో గాని, అది నాకు తప్ప ఎవరికీ తెలియదు.

మామ ఎనిమిదేళ్ల కిందట పోయాడు. పోయే ముందు ఎండాకాలంలో, ఒకసారి ఊరికి తీసుకుపొమ్మని అడిగాడు. ఎవరింటికీ వద్దన్నాడు, నేరుగా తాటివనం దగ్గరికే పొమ్మన్నాడు. బండ్లబాట మీద, రెండు పక్కలా తుమ్మకొమ్మలు కారును గీరుతుంటే, పోగలిగినంత దూరం పోయి ఆపాను. దిగలేకపోయాడు. అద్దం దించుకుని, వేలితో ఒక్కొక్క చెట్టునూ చూపిస్తూ, ఇది తీపి కల్లు పారేది, ఇది ఆలస్యంగా పారేది, దీన్ని పిడుగు కొట్టింది అని చెప్పాడు. తనను పడేసిన చెట్టును కూడా చూపించాడు, దానిమీద కోపమేమీ ఉన్నట్టు లేదు. గంటసేపు ఉన్నాం. తిరిగి వస్తుంటే, "మంచిగ నడుపుతున్నవ్ బిడ్డా," అన్నాడు. అన్నేళ్లలో ఆ మాట ఆయన అనడం అదొక్కసారే. ఆ ఏడాది మొదటి వానలకు ఆయన లేడు.

ఇక ఇప్పటి సంగతికి వస్తాను. వాదనలు ఆగి, చివరికి అమ్మాయి మాటే నెగ్గింది. కుకునూరుపల్లిలో ఒక కూరగాయల రైతు దగ్గర ఐదేళ్లు వాడిన కారు అమ్మకానికి ఉందని తెలిసి, ఆదివారం అబ్బాయి తన బండిలో మమ్మల్ని అక్కడికి తీసుకుపోయాడు. తండ్రికి సీటు సరిపోతుందో లేదో చూడాలని ఆయననూ రమ్మన్నాడు. కారు శుభ్రంగా ఉంది, రైతు నిజాయితీగల మనిషి, ఉన్న గీతలన్నీ తనే చూపించాడు. నన్ను నడిపి చూడమన్నారు. మా ఆయన నా పక్కన, అబ్బాయి వెనక. ఊళ్లోంచి రాజీవ్ రహదారి మీదికి ఎక్కి, కొంతదూరం పోయి, మధ్యలో తిరగడానికి జాగ ఉన్నచోట బండి తిప్పబోయాను. అవతలినుంచి లారీ వస్తోంది. చూశాను. దూరంగా ఉందనుకున్నాను. మెడ పూర్తిగా తిప్పి చూడడం నాకు ఏడాదిగా కుదరడం లేదు, ఆ మాట ఎవరికీ చెప్పలేదు. సగం తిరిగేసరికి లారీ మా మీదికి వచ్చేసినట్టే ఉంది. దాని హారన్ మోత, నా కాలు బ్రేకు మీద, మా ముందునుంచి అది పక్కకు కోసుకుని పోయిన గాలికి కారు ఊగింది.

అబ్బాయి వెనక ఫోన్లో ఇలాంటి కార్ల ధరలేవో చూస్తున్నాడు. తలెత్తి, "ఏమైందమ్మా?" అన్నాడు.

"ఏం లేదు బిడ్డా. ఆడు జోరుగ వచ్చిండు," అన్నాను.

మా ఆయన ఎడమచేత్తో సీటు అంచును పట్టుకుని ఉన్నాడు.

రైతు ఇంటికి తిరిగి వచ్చాక అబ్బాయీ రైతూ వేపచెట్టు కింద ధర మాట్లాడుకుంటున్నారు, రైతు భార్య మజ్జిగ తెచ్చి ఇచ్చింది. మా ఆయన కారు తలుపు తెరిచి, కాళ్లు బయటికి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. గ్లాసు ఆయన చేతికి ఇవ్వబోతే పక్కన పెట్టమన్నట్టు సైగ చేసి, నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు," అన్నాడు.

"కారు మంచిగనే ఉన్నది గద."

తల అడ్డంగా ఊపాడు. ఆయనకు ఒక మాట తర్వాత ఇంకో మాట రావడానికి చాలాసేపు పడుతుంది, తొందరపెడితే వచ్చేది కూడా రాదు. నేను నిలబడి ఉన్నాను. "నువ్వు... అలిసినవ్," అన్నాడు. ఇంకాసేపటికి, "చాలు. ఇగ కూసో."

ఇన్నేళ్లలో నన్ను అలిసిపోయావా అని అడిగినవాళ్లు లేరు, నన్ను నేనూ అడగలేదు. పాత కారా కొత్త కారా, అప్పా పింఛనా అని ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడుతున్నప్పుడు, నడిపేది నేనేనన్నది ఎవరూ అనుమానించని సంగతిగా ఉండిపోయింది. ఇక చాలన్న మాట ఎవరైనా అంటే బాగుండునని నేను ఎన్నేళ్లుగా ఎదురుచూస్తున్నానో అప్పుడు తెలిసింది. మజ్జిగ గ్లాసు పట్టుకుని, వేపచెట్టు దగ్గరికి పోయి, అబ్బాయిని పక్కకు పిలిచాను.

"నచ్చలేదా అమ్మా?"

"కారు మంచిగున్నది బిడ్డా. నాకే శాతనైతలేదు."

చేతకావడం లేదన్న మాట నా నోట వాడు ఎప్పుడూ విని ఉండడు. రైతు దగ్గరికి పోయి మర్యాదగా చెప్పి వచ్చాడు. ఇంటిముందు దిగేటప్పుడు, "ముందే చెప్పకపోయినవ్ అమ్మా," అన్నాడు. అది నిష్ఠురమో, బాధో, లేక వాడికి కొంత ఊరటో, నేను తేల్చుకోదలచుకోలేదు. పిల్లల మాటల్లో ఆ మూడూ కలిసే ఉంటాయి.

పాత కారును ఆ మెకానికే తీసుకున్నాడు, పనికొచ్చే సామాన్లు తీసుకుని మిగిలింది తుక్కుకు వేస్తానన్నాడు. వారానికి రెండుసార్లు దవాఖానకు మాత్రం కిరాయి కారు మాట్లాడుకున్నాం, అమ్మాయే కుదిర్చింది. మొన్న మొదటిసారి ఆ కారులో వెనక సీట్లో, మా ఆయన పక్కన కూర్చున్నాను. డ్రైవర్ మర్యాదస్తుడు, చెవుల్లో తీగలు పెట్టుకుని తనలో తను మాట్లాడుకుంటూ నడుపుతాడు, మేమెవరమో, ఎందుకు పోతున్నామో అడగడు. అతనికి ఆ అవసరమూ లేదు. కొంతదూరం దాకా నా కుడికాలు ఊరికే నేలను తొక్కుతూ ఉంది. తర్వాత అదీ ఆగిపోయింది. చేతులు ఏం చేయాలో తెలియక ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూశాను.

చూస్తే ఊరు గుర్తుపట్టలేదు. పెంకుటిళ్ల వరస ఎప్పుడు పోయిందో, అక్కడ నాలుగంతస్తుల దుకాణాలు ఎప్పుడు లేచాయో, కోమటిచెరువు కట్ట మీద అన్ని దీపస్తంభాలు ఎవరు నిలబెట్టారో నాకు తెలియదు. రోజూ ఈ రోడ్ల మీదే తిరిగాను. కాని నేను చూసింది ముందున్న బండి వెనకభాగం, అద్దంలో వెనకబండి, అడ్డంగా వచ్చే మనుషులు, గుంతలు. ఇన్నేళ్లూ రోడ్డునే చూశాను, ఊరిని చూడలేదు. మన తరం ఆడవాళ్లలో చాలామంది సంగతి ఇంతేనేమో, కారు నడిపినా నడపకపోయినా. నలుగురినీ చేర్చవలసిన చోటికి చేర్చే పనిలో ఉండగానే చుట్టూ కాలం మారిపోయి ఉంటుంది, మనం కాస్త తలెత్తేసరికి అడిగి తెలుసుకోవలసినవాళ్లం మనమే అవుతాం.

"గిదెప్పుడు కట్టిన్రు?" అని అడిగాను, ఒక పెద్ద అద్దాల మేడను చూపించి.

మా ఆయన నావైపు ఆశ్చర్యంగా చూశాడు, ఇంతకాలం ఇది చూడలేదా అన్నట్టు. ఆ తర్వాత ఎడమచెయ్యి ఎత్తి, వేళ్లు ఒక్కొక్కటీ మడుస్తూ, ఐదేళ్లయిందని లెక్క చెప్పాడు. ఆ పక్కది మూడేళ్లు. అవతలిది, అంతకుముందు అక్కడ ఏముండేదో చెప్పడానికి మాట కోసం వెతుక్కుంటూ ఉండగా దవాఖాన వచ్చేసింది. తిరుగు ప్రయాణంలో చెబుతాడని, తొందరపెట్టకుండా ఊరుకున్నాను.